ఈ ఐస్ రొయ్యలకా... తినేదానికా?

బీటెక్ అయిపోయి, చేతిలో ఆఫర్ లెటర్ లేక, ఇంట్లో వాళ్ల ముఖం చూడలేక గడిపిన ఒక వేసవి మీలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉంది. ఆ వేసవిలో నేనూ మా పిన్ని కొడుకూ కలిసి నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో ఐస్ గోలా బండి పెట్టాం. వాడిది బీకామ్, నాది మెకానికల్. ‘ఇంజినీరింగ్ చదివి ఐసు అమ్ముతాడంట’ అని వీధిలో అనుకున్నారు. అనుకోనీ. మా లెక్క మాకుంది: ఎండ ఫ్రీ, సముద్రం ఫ్రీ, జనం వాళ్లే వస్తారు. నీళ్లు గడ్డకట్టించి, తురిమి, పైన రంగు పోసి ముప్పై రూపాయలకు అమ్మడమే. ఇందులో తప్పేదేముంది?

చాలా తప్పాయి. ఉద్యోగం వచ్చేదాకా ఏదైనా చిన్న వ్యాపారం చేద్దామనుకుంటున్నారా? లేదా ఉద్యోగమే వద్దు, ఇదే చేస్తానంటారా? ముందు మా కథ వినండి. మీ డబ్బులు కొన్నయినా మిగులుతాయి.

మూడు రోజుల ఐస్

నెల్లూరు తీరంలో ఐస్‌కు కొదవ లేదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు... ఎటు వెళ్లినా రొయ్యల గుంటలే. పట్టుబడి రోజున రొయ్య పాడవకుండా ఉండాలంటే ఐస్ కావాలి కాబట్టి దారి పొడవునా ఐస్ ఫ్యాక్టరీలుంటాయి. మేం ఏం చేశామో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మైపాడు దారిలో ఒక ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి దిమ్మ కొన్నాం. చవక. ఇంట్లో చేసుకుంటే అయ్యే ఖర్చులో సగం కూడా పడలేదు. వ్యాపారం కిటుకు దొరికిపోయిందనుకున్నాం.

నాలుగో రోజు దిమ్మను గోనెసంచిలో చుడుతున్న పెద్దాయన మా బండి వైపు చూసి అడిగాడు. ‘ఏంది అబ్బయ్యా, ఈ ఐసు రొయ్యలకా, తినేదానికా?’

తినడానికేనని చెప్పాం.

‘బోరు నీళ్లు నాయనా ఇవి. మేమే తాగం.’

ఆయన అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టనూ లేదు. మేం ఆ దిమ్మను అక్కడే వదిలేసి వచ్చాం. కానీ అప్పటికే మూడు రోజులు అదే ఐస్ అమ్మాం. కొన్నవాళ్లలో చిన్నపిల్లలే ఎక్కువ. వాళ్లలో ఎవరికైనా ఏమైనా అయిందో లేదో నాకిప్పటికీ తెలీదు. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు, ఆ పెద్దాయన ప్రశ్నను మాత్రం గుర్తుపెట్టుకోండి.

చాలామందికి ఒక అపోహ ఉంది. ‘గడ్డకట్టేశాక క్రిములెక్కడుంటాయి?’ అంటారు. ఉంటాయి. చలికి చాలా బ్యాక్టీరియా చావదు, పెరగడం ఆగుతుందంతే. కరగగానే మళ్లీ మొదలు. పైగా ఈ ఐస్ ఎలా తయారవుతుందో చూడండి. పెద్ద తొట్టిలో సున్నా కంటే చాలా చల్లగా ఉన్న ఉప్పునీళ్లు ఉంటాయి. వాటిలో నీళ్లు నింపిన రేకు డబ్బాలు దింపుతారు. గడ్డకట్టాక డబ్బాను తీసి, కాసేపు మామూలు నీళ్లలో ముంచితే దిమ్మ జారి బయటికొస్తుంది. డబ్బాకు తుప్పు పట్టినా, నేల మీద దిమ్మను ఈడ్చినా రొయ్యకు పట్టింపు లేదు. మనిషికి ఉండాలి. ఈ రెండూ కలిసిపోకుండా ఉండాలనే మహారాష్ట్ర ఆహార, ఔషధ విభాగం 2018లో తినడానికి పనికిరాని ఐస్‌కు నీలం రంగు కలపాలని ఆదేశించింది. రంగు చూడగానే తెలిసిపోతుంది. మీరు కొనే చోట అలాంటి గుర్తేమీ లేకపోతే అడగాల్సింది మీరే.

సొంత ఐస్: చదువు పనికొచ్చిన చోటు

ఆ తర్వాత తొమ్మిది రోజులు బండి తియ్యలేదు. పాత ఛెస్ట్ ఫ్రీజర్ ఒకటి కొన్నాం. ఇంట్లో ఆర్వో నీళ్లు పట్టి, స్టీలు గిన్నెల్లో పోసి, రాత్రి ముప్పై లీటర్లు ఒకేసారి లోపల పెట్టాం. పొద్దున్నే తీసి చూస్తే పైన గట్టి పెంకు, లోపల నీళ్లు. కోడిగుడ్డు మాదిరి!

తప్పు ఫ్రీజర్‌ది కాదు. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ పని గడ్డకట్టినదాన్ని అలాగే ఉంచడం. నీళ్లను గడ్డకట్టించడం వేరే పని, దానికి చాలా శక్తి కావాలి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుచేసుకోండి. 30 డిగ్రీల నీటిని సున్నాకు తేవడానికి కిలోకు దాదాపు 126 కిలోజౌళ్లు తీసెయ్యాలి. సున్నా దగ్గర నీళ్లు ఐస్‌గా మారడానికే ఇంకో 334. అక్కడి నుంచి మైనస్ 10కి ఇంకో 21. మొత్తం 480 చిల్లర. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన గుప్తోష్ణం మా వ్యాపారానికి అడ్డంగా నిలబడుతుందని ఎవరనుకున్నారు! ఫ్రీజర్ కొనేటప్పుడు అందరూ ఎన్ని లీటర్లని అడుగుతారు. రోజుకు ఎన్ని కిలోలు గడ్డకట్టించగలదని అడగండి. ఆ అంకె లీటర్ల కంటే చాలా చిన్నది.

మేం చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఇది. రోజుకు పది కిలోలే పెట్టడం, చిన్న చిన్న గిన్నెల్లో పెట్టడం, ఆదివారానికి కావాల్సిన ముప్పై చిల్లర కిలోలను గురువారం నుంచే కూడబెట్టడం. దిమ్మ మరీ చల్లగా ఉంటే బ్లేడు కింద పొడిపొడిగా రాలి, నోట్లో ఇసుకలా తగులుతుంది. తురిమే ముందు కొన్ని నిమిషాలు బయట ఉంచి, పైన మెరుపు కనిపించాక మొదలుపెడితే దూదిలా వస్తుంది. జపాన్‌లో కకిగోరి అనే తురుము ఐస్ చేసేవాళ్లూ ఇదే పాటిస్తారు. అక్కడ ఈ అలవాటు వెయ్యేళ్ల నాటిది. సేయ్ షోనగాన్ అనే రాణివాసపు రచయిత్రి తన పుస్తకంలో కొత్త లోహపు గిన్నెలో తీపి రసం పోసిన తురుము ఐస్ గురించి రాసింది. మన ఐస్‌ఫ్రూట్ బండి ఆవిడ చూడలేదు పాపం.

నీళ్ల సంగతి ఇంకొకటి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. టీడీఎస్ మీటరు కొద్ది వందలకే వస్తుంది, తప్పకుండా కొనండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. అయితే ఆ మీటరు లవణాల సంగతే చెబుతుంది, క్రిముల గురించి చెప్పదు. అంకె తక్కువ వచ్చిందని సంబరపడి ల్యాబ్ పరీక్ష మానెయ్యకండి.

పెట్టె మూత తీసినప్పుడల్లా...

1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక ఓడ కలకత్తాకు ఐస్ తెచ్చింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చెరువుల మీద గడ్డకట్టిన ఐస్‌ను కోయించి, 180 టన్నులు ఎక్కించాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత దాదాపు 100 టన్నులు మిగిలింది. దాంతోనే లాభం చేసుకున్నాడు. 1842లో మద్రాసు మెరీనా ఒడ్డున ఆయన కంపెనీ కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. వివేకానందుడు 1897లో బస చేసిన భవనం అదే. చెన్నై వెళ్తే చూడండి.

ఆయన నాలుగు నెలల్లో సగానికి పైగా నిలబెట్టుకున్నాడు. మేం మొదటి ఆదివారం మైపాడులో ఆరు గంటల్లో మూడో వంతు పోగొట్టుకున్నాం. ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న థర్మాకోల్ పెట్టె మాది. గోడల గుండా వచ్చే వేడిని లెక్కేస్తే ఆరు గంటల్లో రెండు కిలోలకు మించి కరగకూడదు. మిగతాది ఎటు పోయిందో మా తమ్ముడు కనిపెట్టాడు. ప్రతి గోలాకీ మూత తీసి, మాట్లాడుతూ అలాగే వదిలేసేది నేనే! ఆ తర్వాత రెండు పెట్టెలు పెట్టాం. పెద్దది గంటకోసారి తెరుస్తాం. చిన్నది చేతి దగ్గర ఉంటుంది. కింద చేరిన నీళ్లు బయటికి పోయేలా చిన్న గొట్టం పెట్టి, పైన తడి గోనె కప్పి, బండిని పడమటి ఎండ తగలకుండా తిప్పుతాం. అంతే, నష్టం సగానికి తగ్గింది. ఒక హెచ్చరిక: ఆ తీరంలో వాడేసిన రొయ్యల పెట్టెలు చవగ్గా దొరుకుతాయి. కడిగేసి వాడదామని అనిపిస్తుంది. వద్దు.

మెషీన్ల గురించి ఎక్కువ చెప్పను. మార్కెట్లో రెండు రకాలు. ఒకటి ఐస్ ముక్కల్ని నలగ్గొడుతుంది, రెండోది దిమ్మను చిత్రిక పట్టినట్టు తురుముతుంది. నలగ్గొట్టిన ఐస్‌లో సిరప్ నిలవదు, జారి కప్పు అడుక్కి చేరుతుంది. సగం తిన్నాక పిల్లలు తెల్ల ఐస్ పారేస్తారు, మళ్లీ మీ దగ్గరికి రారు. తురిమేదే తీసుకోండి. బీచ్‌లో కరెంటు ఉండదు కాబట్టి చేత్తో తిప్పేది మేలు. మోటారే కావాలంటే 250 వాట్ల మోటారు గోలాకు ఒక నిమిషం తిరుగుతుందనుకోండి. వంద గోలాలకు అర యూనిట్ కూడా అవ్వదు. మంచి ఇన్వర్టర్ బ్యాటరీ ఒక సాయంత్రం నడిపేస్తుంది. బ్లేడు మాత్రం రోజూ విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది.

ఎరుపు లేకపోతే పిల్లలు రారు

నన్నారి, నిమ్మ, మామిడి. ఈ మూడు రుచులతోనే మొదలుపెట్టాం. నన్నారి మన వైపు అందరికీ తెలుసు. నిమ్మకు గూడూరు, పొదలకూరు మార్కెట్లు దగ్గరే, కానీ ఎండలు ముదిరేకొద్దీ ధర చెట్టెక్కుతుంది. కాబట్టి మెనూలో నిమ్మ ధర అచ్చువేయించకండి. మామిడి దొరికే రెండు నెలలూ గుజ్జుతో చేయండి. జనానికి నచ్చినవి ఇంకో రెండున్నాయి. తాటిముంజలు చిన్న ముక్కలుగా కోసి నన్నారి గోలా మీద వేస్తే, అది మా దగ్గర తప్ప ఎక్కడా దొరకదని పేరొచ్చింది. ఇంకొకటి ఉప్పూ కారం చల్లిన పచ్చిమామిడి గోలా. కాలేజీ అమ్మాయిలు దీనికోసమే వచ్చేవారు.

సిరప్ పలుచగా ఉంటే ఐస్‌ను కరిగించేస్తుంది. కిలో పంచదారకు 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మరిగిస్తే దాదాపు లీటరూ పావు వస్తుంది. గోలాకు 50 మిల్లీలీటర్ల చొప్పున 24 గోలాలు. పంచదార ఖర్చు రెండు రూపాయలకు లోపే. అందుకే ఈ వ్యాపారంలో సిరప్ దగ్గర పొదుపు చేసేవాడిని చూస్తే నాకు జాలి.

ఇక రంగు. మా నన్నారి గోధుమ రంగులో, నిమ్మ తెల్లగా ఉండేవి. పిల్లలు వచ్చి చూసి ‘ఎర్రది లేదా అంకుల్?’ అని అడిగి వెళ్లిపోయేవారు. (ఇరవై మూడేళ్లకే అంకుల్!) మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. అవి కూడా అన్ని పదార్థాల్లో వాడకూడదు, సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయిని నిషేధించింది గుర్తుందా? అందులో రోడమిన్-బి దొరికింది. అది బట్టలకు వేసే రంగు. విడిగా పొట్లంలో కట్టి అమ్మే రంగు ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోకండి. మేం లేబుల్ మీద రంగు పేరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్నదే కొని, లీటరుకు ఎంతో డ్రాపర్‌తో కొలిచి కలిపాం. మిగతా బండ్ల కంటే మాది వెలిసినట్టు కనిపించేది. కొంతమంది పోయారు. పోనిచ్చాం.

అసలు లెక్క

గోలా ధర 30 రూపాయలు. సిరప్‌కు నాలుగు, కప్పు, చెక్క చెంచాకు రెండు, ఐస్‌కు రూపాయిన్నర, వృథాకు ఇంకో రూపాయిన్నర. మొత్తం తొమ్మిది. మిగిలేది 21. ఈ అంకె చూసే చాలామంది ఈ వ్యాపారంలోకి దూకుతారు. మేమూ అలాగే దూకాం.

ఐస్ సమస్య తీరాక, మొదటి పూర్తి నెల మా పుస్తకం ఇది. నాలుగు ఆదివారాలు, సగటున 170 గోలాలు. మిగతా 22 రోజులు, సగటున 20. నెలకు 1,120 గోలాలు. గోలాకు 21 చొప్పున రూ.23,520. పెట్రోలుకు రూ.3,400, కరెంటుకు రూ.1,200, బండి పెట్టిన చోటికీ శుభ్రతకూ కలిపి రూ.2,000 పోయాయి. మిగిలింది రూ.16,920. ఇద్దరం పంచుకుంటే తలా రూ.8,460. ఫ్రీజర్, మెషీన్, బండి, గొడుగు అన్నీ కలిపి పెట్టుబడి రూ.62 వేలు పెట్టాం, అదింకా వెనక్కి రాలేదు. మీ ఊళ్లో ధరలు వేరు కావొచ్చు, కాగితం మీద మీ అంకెలతో ఇదే లెక్క వేసి చూడండి.

ఒకసారి మళ్లీ చూడండి. నెల అమ్మకంలో అరవై శాతం నాలుగు ఆదివారాల్లోనే వచ్చింది. మిగతా 22 రోజులూ ఎండలో నిలబడి, నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్లి, వచ్చి, రోజుకు ఇరవై గోలాలు. మా తమ్ముడు బీకామ్ కాబట్టి ఈ సంగతి నాకంటే ముందు పట్టుకున్నాడు. ‘అన్నా, మనం సోమవారం నుంచి శనివారం దాకా పెట్రోలు అమ్ముతున్నాం’ అన్నాడు.

అప్పట్నుంచి మామూలు రోజుల్లో బీచ్‌కు వెళ్లడం మానేసి పెళ్లిళ్లు పట్టుకున్నాం. భోజనాల దగ్గర లైవ్ కౌంటర్. చిన్న కప్పు 20 రూపాయల చొప్పున 300 కప్పులకు మాట్లాడుకుంటే ఆరు వేలు. సరుకుకు పద్దెనిమిది వందలు, సాయం వచ్చిన కుర్రాడికి ఐదొందలు, ఆటోకు ఎనిమిదొందలు పోగా రూ.2,900. ఎండలో నిలబడక్కర్లేదు, ఐస్ ఎంత కావాలో ముందే తెలుసు, అడ్వాన్స్ ముందే వస్తుంది. మా ఫ్రీజర్ చాలని రోజు ఆహార భద్రత నంబరున్న ప్యాక్డ్ ఐస్ క్యూబ్‌లు కొని, నీళ్ల బదులు వాటితో నడిపించాం. తురుము అంత బాగా రాదు, కానీ మాట పోదు.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

వేరే జిల్లాల్లో ఉన్న ఫ్రెండ్స్ ‘జూన్‌తో మీ సీజన్ అయిపోతుందిగా?’ అని అడిగేవారు. నెల్లూరు సంగతి వేరు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. నైరుతి తక్కువ. కోస్తాలో మిగతాచోట్ల నాట్లు వేసుకునే జులైలోనూ ఇక్కడ చెమటలు కారుతుంటాయి. అంటే శివరాత్రి దాటాక మొదలుపెడితే సెప్టెంబరు దాకా బండి నడపొచ్చు. విశాఖలో ఉన్నవాడికంటే మీకు మూడు నెలలు ఎక్కువ. ఇది మన తీరానికున్న పెద్ద వరం, దీన్ని లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ.

అయితే ఆ నెలలన్నీ ఒకలా ఉండవు. మార్చిలో పరీక్షలు, కుర్రాళ్లు బయటికి రారు. ఏప్రిల్, మే నెలల్లో పట్టపగలు వడగాలికి బీచ్‌లో పిట్ట కూడా ఉండదు. నాలుగున్నర తర్వాతే వ్యాపారం. రోహిణి కార్తెలో ఎంత అమ్ముతారో అంతే కరుగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢంలోనూ అంతే. పెళ్లి కౌంటర్లను నమ్ముకుంటే జనవరిలోనే పంచాంగం చూసుకోండి. నవ్వకండి, మా ఎక్సెల్ షీట్‌లో ‘మూఢం’ అని ఒక కాలమ్ ఉండేది. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ మధ్య ఎండాకాలపు చివరికి చేరింది, లక్షల్లో జనం. అక్కడ స్టాల్ పెట్టాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఆ రోజు ఉదయం బండితో వెళ్తే లోపలికి రానివ్వరు, మాకు అనుభవం.

అక్టోబరు నుంచి మూడు నెలలు ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఫ్రీజర్ కొనకండి. అమెరికాలోని హవాయి దీవుల్లో మాత్సుమోతో అనే ప్రసిద్ధమైన తురుము ఐస్ దుకాణం ఉంది. 1951లో అది మొదలైంది కిరాణా కొట్టుగా. ఐస్ తర్వాత చేరింది. పొట్ట నింపేది ఒకటి ఉన్నాక దాని పక్కన ఐస్ పెట్టడం తెలివైన పని. మీ నాన్న టీ కొట్టు, అమ్మ టైలరింగ్ షాపు, మామయ్య కిరాణా... ఏదో ఒకదాని ముందు బండి పెట్టగలిగితే సగం గండం గట్టెక్కినట్టే.

కాగితాలు, అప్పులు

ఇది త్వరగా చెప్పేస్తాను. తినేది ఏది అమ్మినా ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 వర్తిస్తుంది. బండి లాంటి చిన్న వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫాస్కాస్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, ఫీజు ఏడాదికి రూ.100. మధ్యవర్తికి వేలు ఇవ్వకండి. ఆ 14 అంకెల నంబరును బండి మీద కనిపించేలా రాయండి. పెళ్లి ఆర్డర్లిచ్చే కేటరింగ్ వాళ్లు మొదట అడిగేది అదే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే ఫాస్టాక్ శిక్షణ కూడా చేస్తే మంచిది.

నెల్లూరు నగరంలో బండి పెడితే వీధి వ్యాపారుల చట్టం 2014 కింద కార్పొరేషన్ నుంచి గుర్తింపు తీసుకోవాలి. అది ఉంటే పీఎం స్వనిధి రుణానికి దారి దొరుకుతుంది. 2025 ఆగస్టులో కేంద్రం ఆ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, మొదటి విడత అప్పును పది వేల నుంచి పదిహేను వేలకు పెంచింది. సకాలంలో కడితే వడ్డీలో 7 శాతం రాయితీ. మైపాడు, కొత్తకోడూరు లాంటి చోట్ల మాత్రం పంచాయతీతో మాట్లాడుకోవాలి. ముద్ర శిశు కింద రూ.50 వేల దాకా బ్యాంకు రుణం అడగొచ్చు. నా మాట వింటే మొదటి సీజన్‌కు అప్పు చెయ్యకండి. ఫ్రీజర్ అద్దెకు దొరుకుతుంది, మెషీన్ సెకండ్ హ్యాండ్ దొరుకుతుంది. కప్పులూ చెంచాల సంగతి కూడా చూసుకోండి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు, స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు నిషేధం. పేపరు, చెక్క వాడండి.

ఇంకో పని ఉంది, దానికి పైసా ఖర్చవదు. మెషీన్ కొనే ముందు రెండు ఆదివారాలు, ఒక మంగళవారం మీరు బండి పెట్టాలనుకున్న చోట సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కూర్చోండి. అక్కడున్న ఐస్‌క్రీమ్ బండి దగ్గర, సోడా బండి దగ్గర ఎంతమంది ఆగారో గీతలు గీసుకోండి. మైపాడు గేటు దగ్గర బస్సెక్కితే వెళ్లి రావడానికి అయ్యే ఖర్చే మీ మార్కెట్ సర్వే బడ్జెట్. మేం ఆ మంగళవారం వెళ్లి ఉంటే పెట్రోలు డబ్బులు మిగిలేవి.

నాకు ఆ సెప్టెంబరులో ఉద్యోగం వచ్చింది, చెన్నై వెళ్లిపోయాను. ఇంటర్వ్యూలో ‘ఈ గ్యాప్‌లో ఏం చేశారు?’ అని అడిగితే దాచకుండా చెప్పాను. థర్మాకోల్ పెట్టె లెక్క బోర్డు మీద వేయించారు. మంచి మార్కులే పడ్డట్టున్నాయి. ఇంకో కంపెనీలో అదే కథ చెబితే నవ్వి పంపేశారు. రెండూ జరుగుతాయి.

తమ్ముడు మానలేదు. ఇప్పుడు వాడిది పెళ్లి కౌంటర్ల వ్యాపారం. గోలాతో పాటు శీతాకాలంలో వేడి వేడి స్వీట్‌కార్న్, బాదంపాలు కూడా పెడతాడు. బీచ్‌కు ఆదివారాలు మాత్రమే వెళ్తాడు. నిమ్మ ధర పెరిగినప్పుడల్లా నాకు ఫోన్ చేసి తిడతాడు, నేనేదో గూడూరు మార్కెట్ నడుపుతున్నట్టు. ఒక్కొక్క నెల నా జీతం కంటే ఎక్కువ సంపాదిస్తాడు. ఒక్కొక్క నెల నన్నే అప్పు అడుగుతాడు. పోయిన అక్టోబరులో వానలు మొదలవగానే ఫ్రీజర్ కడిగి, ఆరబెట్టి, తీగ పీకి పక్కన పెట్టాడు. ఖాళీగా ఎందుకని పిన్ని అందులో బియ్యం పోసింది. సంక్రాంతి పోయాక వాడు మూత తీసి, బియ్యమంతా ఖాళీ చేసి, మళ్లీ కడగడానికి అరపూట పట్టిందట.